ఐదు బోర్డులు, ఒక్క కొలిమి

మా మామగారికి అబద్ధం చెప్పడం రాదు. ఇదేదో గొప్ప గుణమని మీరనుకుంటే, వచ్చి మా ఇంట్లో నాలుగు రోజులు కాపరం చేసి చూడండి. కూజా కొనడానికి వచ్చినవాడి చేతిలోంచి కూజా లాక్కుని, వెలుగుకి ఎత్తి పట్టి, "ఇదిగో, అడుగున బుడగ ఉంది చూశారా? ఇది వద్దు లెండి" అని పంపేసేవారు. ఆ బుడగ వాడికి కనపడనే లేదు. కనపడినా వాడికి పట్టదు. మా రెండో అత్తయ్య, అంటే ఆయన తమ్ముడి భార్య, బుడగలున్న సరుకంతా ఆయన కంట పడకుండా వెనక వరసలో దాచుకునేది.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. ఇంటి పెద్దాయన గురించి కోడలు బయట చెప్పుకోవడం అలాంటిదే. అయినా చెబుతున్నాను. చెప్పకపోతే ఈ మంట నాలోనే ఉండిపోయేలా ఉంది.

మాది గాజు పని. కూజాలు, లాంతరు చిమ్నీలు, స్కూళ్ల ల్యాబుల్లో వాడే ఫ్లాస్కులు. అన్నీ గొట్టం పెట్టి నోటితో ఊదేవే. అన్నదమ్ములు ఐదుగురు, మా మామగారే పెద్ద. ఇళ్లు ఐదు, గుమ్మం మీద బోర్డులు కూడా ఐదు. మా మామగారి నాన్న పోయేముందు కొడుకులు రేపు కొట్టుకు చావకూడదని తలొక పని అప్పగించి, తలొక బోర్డు రాయించి, తలొక లైసెన్సు తీయించి పోయాడట. ఇసుక, సోడా కలిపి కరిగించడం ఒక ఇంటిది. ఊదడం మా ఇంటిది. మూతులు దిద్దడం ఇంకొకరిది, అంచులు నూరడం మరొకరిది. గడ్డి చుట్టి పెట్టెల్లో సర్ది అమ్మడం రెండో అత్తయ్య వాళ్లది.

బోర్డులు ఐదైనా, ఇళ్ల వెనక షెడ్డులో కొలిమి ఒక్కటే. దాన్ని ఆర్పకూడదు. లోపల గాజు కరిగే పెద్ద మట్టికుండ ఉంటుంది, దాన్ని మూస అంటాం. మంట ఆరితే మూస చల్లారి పగులుతుంది. కొత్త మూస పెట్టాలంటే కొలిమి అంతా విప్పి మళ్లీ కట్టుకోవాలి. అందుకని పెళ్లయినా, చావైనా ఎవరో ఒకరు మంట దగ్గర ఉండాల్సిందే. నా పెళ్లిలో మా మూడో మామయ్య అక్షింతలు వెయ్యలేదు. ఆయన వంతు ఆ పూట కొలిమి దగ్గర.

ఇంకొక పద్ధతి కూడా ఉంది. గొట్టం చివర వేడి గాజు ముద్ద ఉన్నవాడికి ఒక్కోసారి తన రెండు చేతులూ చాలవు. అప్పుడు "చెయ్యి!" అని కేకేస్తాడు. ఎవరు దగ్గరుంటే వాళ్లు వెళ్లి పట్టాలి. ఎవరి పని, ఎవరి బోర్డు అని అడగకూడదు. ముద్ద ఆగదు, జారిపోతుంది. అన్నదమ్ములు ముందురోజు మాటామాటా అనుకుని మొహాలు తిప్పుకుని ఉన్నా సరే, "చెయ్యి!" అంటే చెయ్యి వెళ్లాల్సిందే. కంచం ముందు నుంచి లేచి ఎంగిలి చేత్తో పరిగెత్తిన రోజులు నాకే ఎన్నో ఉన్నాయి.

ఇలా ఉండగా ప్రభుత్వం వారికి ఒక ధర్మసందేహం వచ్చింది. చిన్న వ్యాపారం అంటే ఏమిటి? అప్పటిదాకా ఒక బోర్డు, ఒక లైసెన్సు ఉంటే ఒక వ్యాపారం. ఆ లెక్కన మా ఐదూ చిన్నవే. ఇకమీదట ఒకే కప్పు కింద, ఒకే గ్యాసు మీటరు మీద నడిచేదంతా కలిపి ఒక్కటిగా లెక్కపెడతారట. అలా కలిపితే మేము 'చిన్న' అనే గీత దాటిపోతాం. పెద్ద వ్యాపారమైపోతాం. పెద్దవాళ్లకి చిన్నవాళ్ల గ్యాసు ధర ఉండదు. ఆ ధర పోతే మా కొలిమి వెలగదు. ఇంతే సంగతి. ఇందులో అర్థం కానిదేమీ లేదు. మా ఇంట్లో పిల్లలకి కూడా అర్థమైంది.

ఇంకా ఏదీ ఖాయం కాలేదని, ప్రజలు వచ్చి తమ అభిప్రాయం చెప్పుకోవచ్చని గ్యాసు ఆఫీసు గోడకి నోటీసు అంటించారు. నేను దాన్ని రెండుసార్లు చదివి ఇంటికొచ్చి మామగారిని కూర్చోబెట్టాను.

"మామయ్యా, నాలుగు ముక్కలే చెప్పాలి. మా బోర్డులు వేరు. మా లైసెన్సులు వేరు. మా వంటిళ్లు వేరు. కొలిమి మాత్రం మీది, మిగతావాళ్లు అద్దెకి వాడుకుంటారు. అంతే."

"అద్దె ఎవరికిస్తున్నారు?"

"మీకే."

"నా తమ్ముళ్ల దగ్గర నేను అద్దె పుచ్చుకుంటున్నానని పదిమందిలో చెప్పమంటావా?"

"ఊరికే చెప్పడానికి మామయ్యా."

"ఊరికే కూడా చెప్పను."

మా ఆఖరి చిన్నమామయ్యని అందరూ రేడియో అంటారు. నిద్రలో తప్ప నోరు మూతపడదు. ఆయన అందుకున్నాడు. "పోనీలే అన్నయ్యా, నేను నిజంగానే ఇస్తాను. రోజూ నువ్వు తిట్టే తిట్లన్నీ తిరిగి నీకే ఇచ్చేస్తా, అద్దె కింద జమ కట్టుకో."

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. "పోనీ నేను మాట్లాడతాను" అన్నాను. పెద్దాయన ఉండగా ఇంకొకరు నోరు విప్పడం మా ఇంట్లో లేదని మా ఆయన కళ్లతోనే చెప్పాడు. సరే, చేసేదేముంది. చివరికి మామగారు ఒక మెట్టు దిగి, "వేరు అని నా నోటితో అనను గానీ, మన గోడు చెబుతాను. వినేవాళ్లకి మనసుండదా?" అన్నారు. ఆ మాటతోనే నాకు సగం ప్రాణం పోయింది.

విచారణ రోజున మంట దగ్గర రెండో మామయ్యని ఉంచి, మిగతా అందరం తయారయ్యాం. ఒక్కరు వెళితే చాలు కదా అంటే ఎవరూ వినరు. ఎక్కడికైనా అందరం వెళ్లడమే మాకు తెలుసు. ఆస్పత్రిలో ఒకరికి పన్ను పీకితే బయట పదిమందిమి కూర్చునే రకం మేము.

అదొక పెద్ద హాలు. కుర్చీలన్నీ ఒకదానికొకటి బిగించి ఉన్నాయి. ఒకరు కదిలితే వరసంతా కదులుతుంది. ఎదురుగా పొడుగాటి బల్ల, దాని వెనక ముగ్గురు. మధ్యలో కళ్లద్దాల మేడమ్‌గారు. పక్కన ఒకాయన మనం ఏం చెబితే అది ల్యాప్‌టాప్‌లో టకటకా కొట్టుకుంటున్నాడు. మైకు మాత్రం ముట్టుకుంటే చాలు కీచుమంటోంది.

మాకంటే ముందు సీసాల కంపెనీ తరఫున ఒకాయన లేచాడు. ఈ కంపెనీ మా వీధి చివరే ఉంది. దాని లారీలు అడ్డం పెడితే మా ఇంటికి చుట్టాలు కూడా రాలేరు. ఆ ప్రహరీ ఈ మూల నుంచి ఆ మూలకి నడవాలంటే మధ్యలో ఆయాసం తీర్చుకోవాలి. ఆయన ఇస్త్రీ నలగని చొక్కాతో నిలబడి, తేనె పూసినట్టు మాట్లాడాడు.

"మాది పెద్ద కంపెనీ అన్నది ఒట్టి అపోహ మేడమ్. మా ఆవరణలో ఉన్న షెడ్లు వేటికవే ప్రత్యేక సంస్థలు. ప్రతి షెడ్డుకీ వేరే కప్పు, వేరే మీటరు, వేరే గేటు. ఒక షెడ్డు మనిషి ఇంకో షెడ్డులో అడుగుపెట్టడు. వాళ్లు ఒకరికొకరు ఏమీ కారు. విడివిడిగా చూస్తే అన్నీ చిన్న వ్యాపారాలే."

"చాలా స్పష్టంగా చెప్పారు" అంది మేడమ్‌గారు.

నేను మామగారి చెవి దగ్గరికి వంగి, "విన్నారా? అచ్చం అలాగే చెప్పండి. మీ కాళ్లు పట్టుకుంటాను" అన్నాను. ఆయన లేచి, భుజం మీద తువ్వాలు సర్దుకుని మైకు దగ్గరికి వెళ్లారు. అది కీచుమంటే దాన్ని పక్కకి తోసేశారు. జీవితమంతా కొలిమి హోరు మీద మాట్లాడిన గొంతు. హాలంతా వినపడింది.

"అమ్మా, మా నాన్న ఈ కొలిమి కట్టేనాటికి మా ఆఖరివాడు నా భుజం మీద నిద్రపోయేవాడు. అదిగో, వాడే. ఇప్పుడు వాణ్ని మొయ్యాలంటే లారీ కావాలి." జనం నవ్వారు. రేడియో మామయ్య లేచి దణ్ణం పెట్టాడు. "మాకు బోర్డులు ఐదున్నాయి. అవి గోడకి ఉన్నాయి. మాకు లేవు. మా మూడోవాడు మంచాన పడితే వాడి మూతులు మేమే దిద్దాం. వాడి వాటా వాడింటికే వెళ్లింది. ఇదేమిటని ఎవరూ అడగలేదు. నాలుగోవాడి కూతురి పెళ్లికి ఐదిళ్ల పనీ ఆపాం, మంట మాత్రం ఆపలేదు. ఆ మంట ఆరితే మాలో ఎవడూ లేడమ్మా. మమ్మల్ని చిన్నవాళ్లుగానే బతకనివ్వండి. కలిసి బతుకుతున్నామని పెద్దవాళ్లని చెయ్యకండి."

చప్పట్లు. ముందు వరసలో తన వంతు కోసం కూర్చున్న ఒక టైలరమ్మ కళ్లు తుడుచుకుంది. నిజం చెప్పొద్దూ, నేనూ చప్పట్లు కొట్టాను. మా మామగారు అంత బాగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

మేడమ్‌గారు మొదటిసారి నవ్వి, మెత్తగా అడిగింది. "అంటే మీలో ఒకరి పని ఆగితే మిగతావాళ్ల పని కూడా ఆగిపోతుందా అండీ?"

"ఆగక? ఒక చేతికి దెబ్బ తగిలితే రెండో చెయ్యి ఊరుకుంటుందా అమ్మా?"

"లాభమైనా, నష్టమైనా?"

"కలిసే తింటాం. కలిసే పస్తుంటాం."

"మీది ఒక్కటే వ్యాపారం అనుకోవచ్చా మరి?"

నేను లేచి నిలబడ్డాను. వరస కుర్చీలన్నీ కదిలాయి. "మామయ్యా!" అన్నాను గట్టిగా. ఆయన వెనక్కి తిరిగి, నోటి మీద వేలేసి కూర్చోమన్నారు. తర్వాత అటు తిరిగి, "ఒక్కటే అమ్మా. మా నాన్న ఆన. ఎప్పటికీ ఒక్కటే" అన్నారు.

ల్యాప్‌టాప్ ఆయన టకటకా కొట్టుకున్నాడు.

తిరిగి వస్తుంటే బస్సులో అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి. మేడమ్‌గారు నవ్వారు కదా అని ఒకరు, చప్పట్లు ఇంకెవరికీ కొట్టలేదు కదా అని ఒకరు. మామగారు నా వైపు తిరిగి, "ఎలా మాట్లాడానమ్మాయ్?" అన్నారు.

"కొంప ముంచారు మామయ్యా."

"నిజం చెబితే కొంపలు మునుగుతాయా?"

"మునుగుతాయి. మనది మునిగింది. ఆ సీసాలాయన అబద్ధం చెప్పి ఒడ్డున పడ్డాడు చూడండి."

మా ఆయన నన్ను గుడ్లురిమి చూశాడు. మామగారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. రేడియో మామయ్య కూడా ఇంటికి చేరేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

కొత్త నిర్వచనం వచ్చేసరికి ఎండలు ముదిరాయి. దాంతో పాటు వివరణ కూడా అచ్చు వేశారు. ఎవరెవరి అభిప్రాయాన్ని ఎలా లెక్కలోకి తీసుకున్నారో అందులో ఉంది. మా గురించి ఒక పేరా. 'ఒకే కొలిమిపై ఆధారపడిన ఐదు కుటుంబాలు తమది ఒకే వ్యాపారమని విచారణలో స్వయంగా, భావోద్వేగంతో స్పష్టం చేశాయి. వారి అభిప్రాయాన్ని గౌరవిస్తూ...' గౌరవిస్తూ! నేనా మాట దగ్గర ఆగిపోయాను. కొట్టినా ఇంత నొప్పి పుట్టి ఉండేది కాదు. కింద ఇంకో పేరాలో, వేరే కప్పు, వేరే మీటరు ఉన్న షెడ్లన్నీ వేటికవే చిన్న వ్యాపారాలని రాశారు. మా వీధి చివర ప్రహరీ లోపలున్నవన్నీ చిన్నవి. మేము పెద్ద.

అప్పుడు తెలిసింది అందరికీ. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. అయితే చివరి పేజీలో ఒక సందు ఉంది. ఒకే మీటరు ఉన్నా, ఆచరణలో వేరువేరుగా పనిచేస్తున్నట్టు ఇన్‌స్పెక్టరుకి కనపడితే మినహాయింపు ఇవ్వవచ్చు. ఈసారి నేను ఎవరి మాటా వినలేదు. పెద్దాయనా లేదు, చిన్నాయనా లేదు. ప్లైవుడ్ తెప్పించి కొలిమి చుట్టూ ఐదు గదులు కట్టించాను. కొలిమికున్న ఒక్కో నోరు ఒక్కో గదిలోకి వచ్చేలా. ఒక్కో గదికి ఒక్కో తలుపు, తలుపు మీద బోర్డు. అందరికీ పాఠం చెప్పాను. ఒకరి గదిలోకి ఒకరు పోకూడదు. ఒకరి గొట్టం ఒకరు ముట్టకూడదు. అడిగితే, వాళ్లెవరో మాకు తెలీదనాలి.

రేడియో మామయ్య వెంటనే పెద్దాయన గది తలుపు కొట్టి, "నమస్కారమండీ పక్క గది గారూ, తమరు ఎవరి తాలూకు?" అన్నాడు. మామగారు నవ్వుతూ తువ్వాలు విసిరారు. అదే మా ఇంట్లో నేను విన్న చివరి మంచి నవ్వు.

మామగారు నాకొక్క మాట ఇచ్చారు. "అమ్మాయ్, అబద్ధం చెప్పలేను. కానీ ఆ ఇన్‌స్పెక్టరు ఉన్నంతసేపు నోరు తెరవను. నాకు చేతనైంది అదొక్కటే." ఆ మాట చాలనుకున్నాను. పిచ్చిదాన్ని.

ఇన్‌స్పెక్టరు బక్కపల్చటి మనిషి. కొలిమి వేడికి మెడ మీద చేతిరుమాలు వేసుకుని గది గదికీ తిరిగాడు. మొహం చూస్తే మంచివాడిలాగే ఉన్నాడు. మాకు సాయం చెయ్యాలనే వచ్చాడేమో కూడా. మూడో మామయ్య ముక్తసరిగా బాగానే చెప్పాడు. రెండో అత్తయ్య గదిలోకి వెళ్లి, "పక్క గదులవాళ్లతో మీకు లావాదేవీలు ఏమైనా ఉన్నాయా?" అని అడిగాడు.

"అబ్బే, వాళ్లకీ మాకూ ఏ సంబంధం లేదండీ. కావాలంటే మా బావగారిని అడగండి!"

నేను గోడకి తల బాదుకుందామనుకున్నాను. ఆయన నవ్వు ఆపుకుంటూ బయటికొచ్చాడు. "ఏం ఫరవాలేదమ్మా. చుట్టరికం తప్పు కాదు. పని వేరుగా జరుగుతోందా లేదా అన్నదే నాకు కావాలి. జరుగుతోంది, చూస్తున్నాను కదా" అని పెన్ను తీశాడు. రెండో అత్తయ్య నా వైపు చూసి ఊపిరి వదిలింది. కాయితం అట్ట మీద పెట్టుకున్నాడు. పైన తారీఖు కూడా వేశాడు.

ఆ క్షణంలో మా గదిలో మా ఆయన పెద్ద కూజా ఊదుతున్నాడు. అసలు ఆ పూట అంత పెద్దది ఎత్తుకోవద్దని చెప్పాను. ఆర్డరు ఉందన్నాడు. ముద్ద ఒక పక్కకి ఒరిగింది. నేను తలుపు సందులోంచి చూస్తూనే ఉన్నాను. ఆయన పెదవి కొరుక్కుని గొట్టం తిప్పుతున్నాడు, తిప్పుతున్నాడు. కేక వెయ్యకూడదని ఆయనకి తెలుసు. పోతే ఒక కూజా పోతుంది. పోనీ, పోనీ అని నేను లోపల్లోపల మొక్కుకుంటున్నాను. కానీ చేతులు చిన్నప్పటి నుంచి నేర్చుకున్నది వేరే ఉంది. ముద్ద జారబోయింది.

"చెయ్యి!"

ప్లైవుడ్ ఎంతసేపు ఆగుతుంది? మొదట మా గది తలుపే ఊడి పడింది. అటు నుంచి మూడో మామయ్య, ఇటు నుంచి రేడియో, మధ్య చెక్కని భుజంతో తోసుకుంటూ రెండో మామయ్య. ఒకరు గొట్టం కింద చెయ్యేశారు, ఒకరు కాలకుండా తడిపిన చెక్క ఆనించారు, ఒకరు మూతి పట్టారు. ఎవరూ ఎవరినీ చూడలేదు, ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ముద్ద నిలబడింది. తిరిగింది. కూజా అయింది. చూస్తే నా చేతిలోనూ ఒక తడి చెక్క ఉంది. నేనెప్పుడు పరిగెత్తానో నాకు తెలీదు.

మామగారు ఆ కూజాని గొట్టంతోనే వెలుగుకి ఎత్తి పట్టి చూశారు. ఇచ్చిన మాట మర్చిపోయారు. "ఒక్క బుడగ లేదు" అన్నారు సంబరంగా. "చూడండి బాబూ, ఒక్కటంటే ఒక్క బుడగ లేదు."

ఇన్‌స్పెక్టరు పెన్ను పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పడిపోయిన తలుపులు, మమ్మల్ని, ఆ కూజాని చూశాడు. "ఎంత బాగా చేశారండీ" అన్నాడు. తర్వాత నాతో, "నేను కళ్లారా చూశానమ్మా. చూడలేదని రాయమంటారా?" అన్నాడు.

"రాయండి" అన్నాను. "ఏం పోతుంది మీకు? చూడలేదనే రాయండి. కూలిపోయింది చెక్కే కదా, రేపు మళ్లీ కడతాను. రాయండి బాబూ, మీకు పుణ్యముంటుంది."

ఆయన తటపటాయించాడు. నిజంగానే తటపటాయించాడు. నేను ఇప్పటికీ అదే తలుచుకుంటాను. ఆయన మా మామగారి వైపు చూశాడు.

"వద్దు బాబూ" అన్నారు మామగారు. "చూసింది రాయండి. మా కోసం మీరు తప్పు రాయకండి. మీకూ పిల్లలుంటారు."

చూసింది రాశాడు.

తర్వాత ఎక్కువ లేదు చెప్పడానికి. పెద్దవాళ్ల ధర మీద కొన్నాళ్లు లాగాం. ఐదిళ్లలోనూ ఉన్నవీ లేనివీ ఆ మంటకే పెట్టాం. బూడిదలో పోసిన పన్నీరైంది. ఇక చాలని ఒక ఉదయం మామగారే వెళ్లి గ్యాసు కట్టేశారు. ఆయన తండ్రి నాటి నుంచి ఉన్న హోరు ఆగిపోయింది. గోడ గడియారం చప్పుడు మా ఇంట్లో వినపడటం అదే మొదలు.

మర్నాడు మధ్యాహ్నం అందరం భోజనాల దగ్గర కూర్చున్నాం. షెడ్డులోంచి ఫట్‌మని చప్పుడొచ్చింది. మూస పగిలింది. అది తెలిసినా సరే, ఎవరో పిలిచినట్టు అందరం ఒక్కసారి లేచి ఎంగిలి చేతులతో పరిగెత్తాం. వెళ్లి కొలిమి చుట్టూ నిలబడ్డాం. పట్టుకోవడానికి ఏమీ లేదు. రేడియో మామయ్య తన రెండు చేతులూ చూసుకుని, పెద్దాయన భుజం మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మూడో మామయ్య వాళ్లు కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. నాలుగో మామయ్య ఏదో ఊళ్లో కాపలా పనికి కుదిరాడు. ఎక్కడో సరిగ్గా చెప్పడు, నామోషీ. రెండో అత్తయ్య ఫోను చేస్తుంది గానీ మాటలు ఉండవు, ముక్కు చీదుకోవడమే. మా ఆయన, రేడియో మామయ్య వీధి చివర సీసాల కంపెనీలో చేరారు. ఇద్దరివీ వేరే షెడ్లు, వేరే గేట్లు. ఒకే ప్రహరీ లోపల ఉంటారు, ఒకరి మొహం ఒకరు చూడరు. అక్కడ యంత్రాలే ఊదుతాయి. ఒక షెడ్డు మనిషి ఇంకో షెడ్డులో అడుగుపెడితే ఉద్యోగం పోతుంది. సీసాలాయన హాల్లో చెప్పిన దాంట్లో అదొక్కటీ అబద్ధం కాదని మాకు అప్పుడు తెలిసింది. రేడియో మామయ్య ఇప్పుడు ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు. మా ఇంట్లో మామగారు, మా ఆయన, నేను, ముగ్గురమే మిగిలాం. మామగారు పొద్దున్నే లేచి అలవాటు ప్రకారం షెడ్డులోకి వెళ్లి కూర్చుంటారు, ఆకలైతే వస్తారు.

మొన్న గ్యాసు ఆఫీసు గోడకి మళ్లీ నోటీసు పడింది. చిన్న వ్యాపారం నిర్వచనాన్ని ప్రభుత్వం తిరిగి పరిశీలిస్తుందట. ప్రజలు వచ్చి అభిప్రాయం చెప్పవచ్చట. నేను చూసి కూడా ఇంట్లో అనలేదు. మామగారే ఎలాగో చూసొచ్చారు. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, తువ్వాలు భుజం మార్చి భుజం వేసుకుంటూ చాలాసేపు తచ్చాడారు.

"ఏంటి మామయ్యా?"

"అమ్మాయ్, ఈసారి నువ్వు చెప్పినట్టే చెబుతాను. కాగితం మీద రాసివ్వు, బట్టీ పడతాను. మా బోర్డులు వేరు, మా వంటిళ్లు వేరు, మేం ఒకరికొకరం ఏమీ కామని చెబుతాను. మా నాన్న మీద ఆనపెట్టి మరీ చెబుతాను."

నేను పొయ్యి వైపు తిరిగాను. నా మొహం ఆయనకి చూపించలేకపోయాను.

"తమ్ముళ్లందరికీ కబురు పెట్టమ్మా. పొద్దున్నే బయల్దేరాలి. అందరం కలిసి వెళ్లి, వేరువేరని చెబుదాం."

కబురు పెడితే ఎవరొస్తారు? వచ్చినా ఏ కొలిమి కోసం వస్తారు? మూస ముక్కలు ఇంకా షెడ్డులో అలాగే ఉన్నాయి. ఆయన రోజూ వాటి పక్కనే కూర్చుంటున్నారు.

"అలాగే మామయ్యా" అన్నాను. "అందరూ వస్తారు."

అబద్ధం చెప్పడం నాకు వచ్చు.